దర్జీ వరండా మీద నలభై ఏడు చుక్కలు

ఆ పేటలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పన్నెండేళ్ళుగా ప్రతి గడప ముందూ నిలబడి ఒకటే ప్రశ్న అడుగుతోంది: "ఇంట్లో ఎవరికైనా జ్వరమా?" అలా అడిగీ అడిగీ జ్వరాలక్క అయిపోయింది.

"అదిగో, జ్వరాలక్క వచ్చింది. ఎవరికైనా ఉంటే చెప్పండర్రా, లేకపోతే చిన్నబుచ్చుకుంటుంది," అని మేడ మీంచి ఒకావిడ అరిచేది.

"మా ఆయన ఒళ్ళు కాలిపోతోందక్కా. జ్వరం కాదులే, నా మీద కోపం," అనేది ఇంకొకావిడ.

"ఆ వేడికి మా దగ్గర మాత్రల్లేవు తల్లీ. నువ్వే కాస్త తగ్గి చూడు," అని నవ్వి ముందుకి కదిలేది జ్వరాలక్క.

అడగడం ఒక్కటే ఆమె పని కాదు. ఎవరికీ ఏమీ లేదని తల్లి చెబుతున్నా ఆమె కళ్ళు గుమ్మం దగ్గర వెతికేవి. పొద్దున్న పది దాటాక బడి పిల్లల చెప్పులు గడప పక్కనే ఉన్నాయంటే ఎవరో బడి మానేశారన్నమాట. దండెం మీద చిన్న చిన్న తడిగుడ్డలు వరసగా ఆరుతున్నాయంటే రాత్రి ఎవరికో ఒళ్ళు తుడిచారన్నమాట. "ఆ చెప్పులు ఎవరివమ్మా?" అని మెల్లిగా అడిగేది. అప్పుడు అసలు సంగతి బయటపడేది.

ఆమె ఈ పనిలోకి రావడానికి ఓ కారణం ఉంది. కొడుక్కి ఏడాదిన్నరప్పుడు విపరీతమైన జ్వరం వచ్చింది. చలికి వణుకుతున్నాడనుకుని మూడు దుప్పట్లు కప్పి, తలుపులు, కిటికీలు బిగించి, వాణ్ణి గుండెకి అదుముకుని కూర్చుంది. వాడు కళ్ళు తేలేసి కొయ్యబారిపోయాడు. ఆ సమయానికి వీధిలో తిరుగుతున్న నర్సమ్మ ఒకావిడ ఈమె అరుపు విని లోపలికొచ్చి, దుప్పట్లన్నీ లాగి పారేసి, "వేడి బయటికి పోవాలమ్మా, నువ్వు దాచిపెడుతున్నావు," అంది. ఆ ఒక్క మాట ఎవరైనా ఒక్కరోజు ముందు తనకి చెప్పి ఉంటే అని ఎన్నో నెలలు అనుకుంది జ్వరాలక్క. ఆ తరవాత తనే ఆ మాట చెప్పేదైంది. కొడుక్కి ఇప్పుడు పదిహేనేళ్ళు. బడికి బయల్దేరేటప్పుడు తల నిమిరినట్టే నిమిరి నుదుటి మీద చెయ్యి ఆనిస్తుంది. "అమ్మా, నేను నీ వార్డులో లేను," అంటాడు వాడు.

నిరుడు ఆరోగ్యశాఖ ఆఫీసువాళ్ళు రిజిస్టరు తీసేసి ఫోన్ ఇచ్చారు. శిక్షణ ఒక పూట జరిగింది. జ్వరం వచ్చినవాళ్ళ పేరు, వయసు, ఇంటి నెంబరు, ఎన్నో రోజు అన్నీ నింపి 'సేవ్' నొక్కాలి. "చోటు సంగతి మీరు పట్టించుకోకండి, ఫోనే చూసుకుంటుంది," అన్నాడు నేర్పినాయన. ఇంటి నెంబరు రాస్తున్నాం కదా, దాన్ని చూసి ఫోను ఆ ఇల్లు ఎక్కడుందో తెలుసుకుంటుంది కాబోలనుకుంది జ్వరాలక్క. ఎవరి చదువు వాళ్ళది అనుకుని ఊరుకుంది.

అయితే గడప ముందు ఫోన్ తీస్తే జనం బెదిరేవారు. "ఫొటో తీస్తున్నావా?" అని కొందరు తలుపు వేసేసేవారు. పైగా ఆ సందుల్లో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి, సిగ్నల్ అందదు. అందుకని ఆమె తన పద్ధతి తను పెట్టుకుంది. పొద్దున్నంతా గీతల నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకునేది. మధ్యాహ్నం రెండింటికి దర్జీ ఇంటి వరండా చేరేది. అక్కడ నీడుంది, సిగ్నల్ ఉంది, ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు ఉంది. అన్నిటికీ మించి మనిషిని మనిషిలా చూసే ముసలి దంపతులున్నారు. దర్జీని బాబాయ్ అనేది, కాజాలు కుట్టే ఆయన భార్యని పిన్నీ అనేది. మిషను చప్పుడు వింటూ ఆనాటి జ్వరాలన్నీ ఒక్కొక్కటిగా ఫోన్‌లోకి ఎక్కించేది.

"ఏమ్మాయ్, ఇవాళ ఎన్ని కుట్లు?" అని అడిగేవాడు బాబాయ్.

"మూడు, బాబాయ్."

"నావి రెండు చొక్కాలే. నువ్వే గెలిచావు."

ఆ ఏడు వానలు తగ్గీ తగ్గకముందే జ్వరాలు ఎక్కువయ్యాయి. కీళ్ళ నొప్పులు, కళ్ళ వెనక పోటు, మూడోనాటికి ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు. దోమ కుడితే వచ్చే జ్వరమని పరీక్షల్లో తేలింది. ఒక మంగళవారం పొగ యంత్రం భుజాన వేసుకుని నలుగురు మనుషులు వచ్చి తిన్నగా దర్జీ ఇంటి ముందు ఆగారు. ఇల్లూ వాకిలీ పొగతో నింపారు. పిన్ని కుండీలు బోర్లించి, తొట్టెలు తోమించారు. పోతూ పోతూ గుమ్మం పక్కన 'జ్వరం ఎక్కువగా ఉన్న చోటు' అని ఎర్ర కాగితం అంటించారు. రెండో వారమూ వచ్చారు, మూడో వారమూ వచ్చారు.

"ముప్ఫయ్యేళ్ళుగా బోర్డు పెట్టుకుందామంటే కుదరలేదు. ఇప్పుడు వాళ్ళే పెట్టి వెళ్ళారు," అని బాబాయ్ నవ్వబోయాడు. పిన్ని నవ్వలేదు.

"మనింట్లో ఒకరు తుమ్మి ఎన్నాళ్ళయింది? వాళ్ళకి ఎవరు చెప్పారట?" అంది.

జ్వరాలక్కకీ అర్థం కాలేదు. పెద్ద ఆఫీసు కదా, దోమల గురించి ఏదో లెక్క ఉండి ఉంటుందిలే అనుకుంది. తను ఆ వరండాలోనే కూర్చుని ఇన్నాళ్ళుగా రాస్తున్నది ఏమిటో ఆమెకి తట్టలేదు.

నాలుగో వారం బుధవారం మధ్యాహ్నం బడి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. ఏటా బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది బాబాయే. రెండువందల పది జతలు. ఆ పనితోనే ముసలివాళ్ళకి సగం ఏడాది గడుస్తుంది. గుడ్డ తానులు అప్పటికే వచ్చి లోపల గోడ పక్కన ఉన్నాయి. ఎప్పుడూ లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చునే హెడ్మిస్ట్రెస్ ఆ రోజు వీధిలోనే నిలబడిపోయింది.

"టైలర్ గారూ, తప్పుగా అనుకోకండి. ఈసారి యూనిఫారాలు మీ దగ్గర కుట్టించలేను."

"అదేంటి మేడమ్? మా ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు కదా."

"మ్యాప్‌లో ఉందండీ. ఆఫీసువాళ్ళు స్కూళ్ళన్నిటికీ పంపారు. ఎర్రగా ఉన్నది మీ ఇల్లే. నా దగ్గర రెండువందల పైన పిల్లలున్నారు. కొలతలకని పంపిస్తే, ఒక్కరికి ఏమైనా అయితే ఆ తల్లికి నేనేం చెప్పను?"

బాబాయ్ మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని లోపలి తానుల వైపు చూశాడు. "సోమవారం మా మనిషొచ్చి గుడ్డ తీసుకెళ్తాడు," అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఆవిడకీ బాధగానే ఉందని నడకలో తెలుస్తూనే ఉంది.

"జ్వరం లేని ఇంటికి జ్వరం అంటగట్టినవాళ్ళ నోట్లో..." అని మొదలుపెట్టి, పిన్ని ఏమనుకుందో మధ్యలో ఆపేసింది. జ్వరాలక్క తల దించుకుని ఫోన్‌లో ఆనాటి ఆఖరి జ్వరం నింపింది. ఈ వానల జ్వరాల్లో అది నలభై ఏడోది. సేవ్ నొక్కింది.

మర్నాడు ఆఫీసులో నెలవారీ సమావేశం. గోడ మీద మ్యాప్ వేసి చూపించింది మ్యాప్ మేడమ్. వార్డుల మ్యాపులు తయారుచేసేది ఆమే, ముప్ఫయ్యేళ్ళలోపు అమ్మాయి. ఇంట్లో తొమ్మిది నెలల పాప ఉంది, అందుకే ఫోన్ బల్ల మీద బోర్లించకుండా ఎప్పుడూ ఎదురుగానే పెట్టుకుంటుంది. పేట మొత్తం బూడిదరంగు గీతల్లో కనిపిస్తోంది. మధ్యలో ఒకే ఒక్క చోట ఎర్ర చుక్కలు, దోసెడు గింజలు ఒకచోట ఒలికినట్టు.

"ఇంత స్పష్టంగా ఇంకే వార్డులోనూ తేలలేదు," అన్నాడు పెద్దాఫీసరు. "ఈ వార్డు ఎవరిది? ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు. ఈమెకి చప్పట్లు కొట్టండి."

అందరూ చప్పట్లు కొట్టారు. జ్వరాలక్క లేచి నిలబడింది. ఆ చప్పట్లు ఆగకముందే వెనక బెంచీలో కొత్తగా చేరిన పిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, ఇంటి నెంబరు తప్పు రాస్తే చుక్క వేరేచోట పడుతుందా?"

"లేదమ్మా, నెంబరుతో సంబంధం లేదు. మీరు సేవ్ నొక్కినప్పుడు ఫోన్ ఎక్కడుంటే అక్కడ పడుతుంది."

జ్వరాలక్క మ్యాప్ వైపు మళ్ళీ చూసింది. ఆ గింజలు ఒలికింది దర్జీ వరండాలో. తను స్టూలు వేసుకుని కూర్చునే చోట, గోడకి వీపు ఆనించే చోట, ప్లగ్గు పక్కన. నలభై ఏడూ ఆమె వేలితో ఆమే వేసింది. అన్నీ సరిగ్గా ఒకే చోట పడి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. ఫోన్ లెక్క ఎప్పుడూ కొన్ని అడుగులు అటూ ఇటూ తప్పుతుంది కాబట్టి చుట్టుపక్కల నాలుగైదిళ్ళలో జ్వరాలున్నట్టు చక్కగా పరుచుకున్నాయి.

చెప్పాలని నోరు తెరిచింది. చప్పట్ల వేడి ఇంకా చెవుల్లోనే ఉంది. కూర్చుండిపోయింది.

సాయంత్రం భర్తకి చెప్పింది. ఆయన బస్సు నడుపుతాడు, తక్కువ మాట్లాడతాడు.

"ఈ నెలాఖరుకే కదా నీ కాంట్రాక్టు కాగితాలు మళ్ళీ రాసేది?"

"అవును. ఈ మాట తెలిస్తే రాస్తారో లేదో."

"ఎవరికీ చెప్పకు. రేపట్నించి గడప దగ్గరే నొక్కు. కొత్త చుక్కలు పడుతుంటే పాతవి వాటంతటవే వెనకబడతాయి."

"పడతాయి. రెండు నెలలకి. గుడ్డ సోమవారమే పోతుంది."

ఆయన కంచంలో కాసేపు వేలితో గీతలు గీశాడు. "పన్నెండేళ్ళ ఉద్యోగమే," అన్నాడు.

"పుండొకచోట, మందొకచోట అయింది. మూడు వారాలు ఊరికే పొగ పెట్టించాను. వాళ్ళు మొదటిసారి పొగ పెట్టాక కూడా పదకొండు మందికి వచ్చింది. ఆ చివరి సందులో రెండేళ్ళ పిల్ల నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, 'అక్కా, నువ్వు ముందే గుర్తుపట్టావు, అందుకే బతికింది' అంది. ఆ చెయ్యి వదిలించుకుని రాలేకపోయాను."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "అయితే పొద్దున్నే వెళ్ళు. ఎండెక్కితే ధైర్యం చల్లారుతుంది," అన్నాడు.

శుక్రవారం ఆఫీసు తలుపు తీసేటప్పటికి ఆమె మెట్ల మీద ఉంది. మ్యాప్ మేడమ్ ముందు నోటుబుక్కు పెట్టి, ఏ రోజు ఎక్కడ రాసుకుందో, ఎక్కడ కూర్చుని ఎక్కించిందో అంతా చెప్పింది. చెప్పేటప్పుడు ఒక్కసారీ 'నాకు ఎవరూ నేర్పలేదు' అనలేదు. మేడమ్ కంప్యూటర్‌లో వేళలు తీసి చూసింది. నలభై ఏడూ మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్యే. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"ఇది చూడాల్సింది నేను, అక్కా. జ్వరాలేమైనా రోజూ రెండింటికే వస్తాయా? ఎంత బుద్ధిలేకుండా స్కూళ్ళకి పంపించాను!"

"ఇప్పుడు ఆ ఎరుపు తీసేయండి మేడమ్. సోమవారంలోపు."

"ఊరికే తీసేస్తే సరిపోదు. తీసేసి ఎక్కడ పెట్టాలో తెలియాలి. మీ పుస్తకంలో ఇళ్ళున్నాయి కదా?"

"నలభై ఏడూ ఉన్నాయి. నెంబర్లు లేనిచోట గుర్తులు రాసుకున్నాను."

ఆ నోటుబుక్కు చూసి మేడమ్‌కి నవ్వొచ్చింది. 'నీలం గేటు, కుక్క, రెండో వాటా.' 'మెట్లకింద ఇల్లు, కాలు జాగ్రత్త.' 'తలుపు కొట్టకూడదు, పాప నిద్ర.'

ఇద్దరూ శుక్రవారం, శనివారం పేటంతా తిరిగారు. గడప ముందు నిలబడి, ఫోన్‌లో చోటు చూపించే బాణం నిలకడగా ఆగేదాకా ఆగి నొక్కారు. "ఏంటక్కా, ఉన్న జ్వరం చాలదని పాత జ్వరం లెక్కకొచ్చావా?" అని మేడ మీది ఆవిడ అడిగితే, "తప్పు రాశానమ్మా, దిద్దుకుంటున్నాను," అని చెప్పింది జ్వరాలక్క. పదిళ్ళు దాటేసరికి ఎవరూ అడగకముందే ఆ మాట చెప్పసాగింది. మేడమ్ ప్రతి అరగంటకీ ఇంటికి ఫోన్ చేసి పాప పాలు తాగిందా అని కనుక్కునేది. రెండేళ్ళ పిల్ల ఉన్న ఇంటి దగ్గర ఆ అమ్మాయి కాస్త ఎక్కువసేపే ఆగింది. పిల్ల తల్లికి జ్వరాలక్క జరిగిందంతా చెప్పింది. ఆ తల్లి పిల్లని ఒళ్ళోకి తీసుకుని, "ఇప్పుడైనా అసలు చోటు పట్టుకుంటారా?" అని అడిగింది.

శనివారం పొద్దు వాలకముందే కొత్త మ్యాప్ తెర మీదికి వచ్చింది. దర్జీ ఇంటి దగ్గర ఒక్క చుక్కా లేదు. నలభై ఏడింటిలో ముప్ఫయి తొమ్మిది బడి వెనక మూడు సందుల్లో, బడిని కౌగిలించుకున్నట్టు పడ్డాయి.

"ఈ దోమ పగలు కుడుతుంది, ఎక్కువ దూరం ఎగరదు," అంది మేడమ్. "పుట్టిల్లు ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉండాలి. బడిలో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి?"

"పంపులున్నాయి, తొట్టె మూతేసే ఉంటుంది. నేనే చూశాను." అంటూ ఆగింది జ్వరాలక్క. "పైన కొత్త అంతస్తు కడుతున్నారు మేడమ్. వానలకి పనాగింది."

సోమవారం ఎనిమిదింటికి ఇద్దరూ బడికెళ్ళారు. గుడ్డ తేవడానికి మనిషిని పంపబోతున్న హెడ్మిస్ట్రెస్ వాళ్ళని చూసి ఆగింది. ముగ్గురూ రెయిలింగు లేని మెట్లెక్కి పైకి వెళ్ళారు. కొత్త శ్లాబు పగుళ్ళివ్వకుండా మేస్త్రీలు దాని మీద సిమెంటుతో జానెడు గట్లు కట్టి నీళ్ళు నిలబెడతారు. పని ఆగినా గట్లు ఉండిపోయాయి. వాన వాటిని నింపుతూ వచ్చింది. గచ్చు మీద పెద్ద చదరంగం బల్లలా నలభై గళ్ళు, బెత్తెడు లోతు నీళ్ళు. జ్వరాలక్క వంగి వెంట తెచ్చిన మగ్గుతో ఒక గడిలో ముంచి హెడ్మిస్ట్రెస్‌కి చూపించింది. నీళ్ళు నల్లగా లేవు, శుభ్రంగా ఉన్నాయి. వాటిలో సన్నటి పురుగులు నూలుపోగుల్లా ముడుచుకుంటూ, విప్పుకుంటూ పైకీ కిందకీ ఆడుతున్నాయి.

కింద ప్రార్థనకి గంట కొట్టారు. హెడ్మిస్ట్రెస్ ఆ చప్పుడుకి ఉలిక్కిపడి మగ్గుని రెండు చేతులతో పట్టుకుంది. "వీళ్ళ తల మీదే," అంది.

"మ్యాప్‌లో తప్పు నాదండీ," అంది జ్వరాలక్క. "దర్జీ బాబాయిది కాదు. గుడ్డ మాత్రం తీసుకోకండి."

ఆ మధ్యాహ్నానికే గట్లు పగలగొట్టారు. బడికి వారం రోజులు సెలవిచ్చి సందులన్నీ ఇల్లిల్లూ వెతికారు. తరవాతి రెండు వారాల్లో జ్వరాలు బాగా తగ్గాయి. జ్వరాలక్క ఫైల్లో ఒక మెమో చేరింది. ఏడాదికి రాసే కాగితం ఈసారి ఆరు నెలలకే రాశారు. ప్రతి గడప దగ్గరే నొక్కాలని అన్ని వార్డులకీ ఆర్డరు వచ్చింది. "నీ నిజాయితీకి మా కాళ్ళు అరుగుతున్నాయి," అని తోటివాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు.

చిన్న తరగతుల యూనిఫారాలు హెడ్మిస్ట్రెస్ అప్పటికే వేరే కొట్టుకి మాట ఇచ్చేసింది. పెద్ద తరగతులవి నూట ముప్ఫయి జతలు మాత్రం బాబాయికే మిగిలాయి. జ్వరాలక్క ఎంత చెప్పినా పిన్ని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోరోజు, "చుక్కలు పెట్టడం రాకపోతే నన్నడగాల్సింది, కాజా గుర్తు ఒక్కటి తప్పితే చొక్కా అంతా వంకరే," అని చెప్పి, ఇక అక్కడితో సరిపెట్టింది.

ఆ వారం సెలవుల్లోనే కొలతలకి పిల్లలు దర్జీ ఇంటికి వచ్చారు. హెడ్మిస్ట్రెస్ వాళ్ళని వరసలో నిలబెట్టి తనూ వరండాలోకి వచ్చింది. జ్వరాలక్క ఒక్కొక్కరి నుదుటి మీదా చెయ్యి వేసి లోపలికి పంపుతోంది. పదేళ్ళ పిల్ల ఒకతి బాబాయ్ ముందు చేతులు చాపి నిలబడి అడిగింది:

"తాతా, మీ ఇంట్లో జ్వరముందంట కదా?"

బాబాయ్ టేపు విప్పుతూ, "ఉండేదమ్మా," అన్నాడు. "ఊరికే కూర్చుని ఏం చేస్తాం అని, చదువుకోడానికి మీ బడికి వెళ్ళింది."

పిల్లలు పకపకా నవ్వారు. పిన్ని పైట అడ్డం పెట్టుకుంది. హెడ్మిస్ట్రెస్ ముఖం ఎర్రబడింది. ఆవిడ ఒక్క క్షణం తల దించుకుని, ముందుకొచ్చి, టేపు రెండో కొస పిల్ల భుజం మీద తనే ఆనించి పట్టుకుంది.

"రాయండి టైలర్ గారూ," అంది. "పదమూడున్నర."